చెమ్మ లాగే మిషన్ కొనేముందు

"అన్నగారూ, డీహ్యూమిడిఫయర్ కొనమంటారా?" అని అడిగినవాళ్లను నేను ఎంతలో చూస్తున్నారనీ అడగను, ఏ కంపెనీ అనీ అడగను. "ఆ నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూశారా?" అంటాను. దానికి జవాబు వెతుక్కునేసరికే చాలామందికి మిషన్ అవసరం తీరిపోతుంది. తీరనివాళ్లకు మాత్రం ఏది కొనాలో తేలిగ్గా తెలిసిపోతుంది.

రైల్వేలో ఏసీ పెట్టెల మరమ్మతు చేసి రిటైరైనవాణ్ణి. మద్రాసు పెరంబూరులో మా వీధివాళ్లకు ఫ్రిజ్ చల్లబడకపోయినా, ఫ్యాన్ కిర్రుమన్నా నేనే గుర్తొస్తాను. ఆశ్వయుజం పోయి కార్తీకం వచ్చిందంటే మాత్రం అందరిదీ ఒకటే గోల: చెమ్మ. మద్రాసుకు ఏడాదిలో పడే వాన దాదాపు 1400 మిల్లీమీటర్లు. అందులో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే కురుస్తుంది. ముసురు పట్టిన వారంలో బీరువాలో పట్టుచీర మీద తెల్లటి మచ్చలు, తోలు చెప్పుల మీద బూజు, మంచం వెనక గోడకు నల్లటి చుక్కలు. తమిళం మాట్లాడే మా పక్కింటావిడ దాన్ని 'ఓదం' అంటుంది, మా ఆవిడ 'నిమ్ము' అంటుంది. ఇద్దరూ తిట్టేది దాన్నే.

ఈ మధ్య ఆ గోలకు కొత్త చిరునామా ఒకటి వచ్చింది. దోమలకనీ దుమ్ముకనీ జల్లుకనీ ఫ్లాట్లలో బాల్కనీలన్నీ అల్యూమినియం స్లైడింగ్ కిటికీలతో మూసేస్తున్నారు. మేమూ మూశాం. పద్నాలుగు అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న గాజు వరండా. మా ఆవిడ కుట్టుమిషన్ అక్కడే, మనవరాలి హార్మోనియం అక్కడే, మా నాన్న బైండు చేయించిన పాత చందమామలూ అక్కడే. ఇంట్లో అన్నిటికంటే వెలుతురున్న చోటు అదే, చెమ్మ ఎక్కువున్న చోటూ అదే.

మొదట గోడనడగండి

ఇంట్లోకి నీళ్లు మూడు దారుల్లో వస్తాయి. గోడలోంచి ఊరేవి, మనమే పుట్టించేవి, బయటి గాలి మోసుకొచ్చేవి. మిషన్ చేయగలిగింది గాలిలో ఉన్న నీటిని పట్టడం ఒక్కటే.

గోడ సంగతి తేల్చుకోవడానికి ఖర్చులేని పరీక్ష ఉంది. చెమ్మగా ఉన్నచోట పైపైన తుడిచి, జానెడు అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. రెండు రోజులాగి తీయండి. గోడవైపు తడి ఉంటే నీరు గోడలోంచి వస్తోంది. గదివైపు తడి ఉంటే గాలిలోంచి వస్తోంది. గోడ చవుడెక్కి, పెయింటు పొట్టు రాలి, వేలికి తెల్లటి ఉప్పు అంటుకుంటుంటే పరీక్ష కూడా అక్కర్లేదు. పైఅంతస్తు బాత్‌రూమ్, డాబా మీద ప్రెస్డ్ టైల్స్ మధ్య విచ్చుకున్న సందు, కిటికీ చట్రం చుట్టూ ఎండిపోయిన సీలెంట్, వీటిలో ఒకటి దొంగ. తూర్పు, ఉత్తరం గోడలను ముందు చూడండి. ఈశాన్యపు జల్లు కొట్టేది వాటినే. అలాంటి గోడ ముందు మిషన్ పెడితే అది పైనుంచి వచ్చే నీళ్లను బకెట్టుకు బకెట్టు పట్టి ఇస్తూ ఉంటుంది, కరెంటు మీటరు తిరుగుతూ ఉంటుంది.

మనం పుట్టించే నీళ్లు కూడా తక్కువేం కాదు. వాషింగ్‌మెషిన్‌లో పిండి తీసిన అయిదు కిలోల బట్టల్లో ఇంకా రెండు మూడు లీటర్ల నీరుంటుంది. వానాకాలంలో వాటిని ఆరేసేది ఆ గాజు వరండాలోనే. తలుపులు మూసుకుని ఇద్దరు నిద్రపోతే తెల్లారేసరికి అర లీటరుకు పైగా ఆవిరి గదిలో చేరుతుంది. గ్యాస్ సంగతి చెబితే ఎవరూ నమ్మరు. కిలో ఎల్పీజీ మండితే కిలోన్నర పైగా నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండర్ అయిపోయేసరికి సుమారు 22 లీటర్ల నీరు మంటలోంచే వంటింటి గాలిలోకి వెళ్లిందన్నమాట. ఉడికే అన్నం ఆవిరి దీనికి అదనం. పొయ్యి మీది ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంటింటికీ వరండాకూ మధ్య తలుపు మూస్తే చాలా ఇళ్లలో సగం గోల తగ్గుతుంది.

ఇంగ్లండు సలహా ఇక్కడ తిరగబడుతుంది

మా మేనల్లుడు ఇంగ్లండులో ఉంటాడు. వాళ్లింటి వెనక కూడా గాజుగది ఉంది, కన్సర్వేటరీ అంటారు. చలికాలం పొద్దున్న అద్దాలకు లోపలివైపు నీళ్లు కారుతుంటాయట. "మామయ్యా, డెసికెంట్ రకం కొను, రోజూ కాసేపు కిటికీలు తెరువు, అంతే" అని వీడియో కాల్‌లో చెప్పాడు. వాడికి పనికొచ్చిన రెండు మాటలూ మనకు పనికిరావు. ఎందుకో చెబుతాను.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత నీటిని మోయగలదు. అయిదు డిగ్రీల చలిలో ఘనమీటరు గాలి నిండా మోసినా 7 గ్రాముల లోపే. ఆ గాలి వాళ్లింట్లోకి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కితే తేమ 40 శాతానికి దిగుతుంది. అంటే వాళ్లకు బయట వాన పడుతున్నా ఆ గాలి పొడిగాలి కిందే లెక్క. కిటికీ తెరిస్తే ఇల్లు ఆరుతుంది.

పెరంబూరులో నవంబరు రోజున గాలి 27 డిగ్రీలు, తేమ 85 శాతం అనుకుందాం. ఘనమీటరుకు దాదాపు 22 గ్రాముల నీరు. ఇంగ్లండు చలిగాలికి మూడింతలు పైమాటే. చల్లటి నీళ్ల స్టీలు గ్లాసుకు చెమట పట్టినట్టు, ఈ గాలికి 24 డిగ్రీలకన్నా చల్లగా ఉన్న ఏ వస్తువు తగిలినా దానిమీద నీళ్లు పడతాయి. ఇక్కడ కిటికీ తెరిస్తే నీరు లోపలికొస్తుంది. "పొద్దున్నే తలుపులు తీస్తే మంచిగాలి వస్తుంది" అన్న పెద్దల మాట ముసురులో చెల్లదు.

మరి మనింట్లో 24 డిగ్రీలకన్నా చల్లగా ఉండేదేమిటి? పడకగది. ఏసీ 18లోనో 20లోనో పెట్టుకుని దుప్పటి కప్పుకుని పడుకుంటాం. గదికీ వరండాకూ మధ్య ఉన్న అద్దం తలుపు చల్లబడుతుంది. వరండా వైపు నుంచి దానిమీద నీళ్లు కారతాయి. పక్కనున్న ఇటుక గోడ అంతగా చల్లబడదు కాబట్టి చుక్కలు కనబడవు. కానీ దాన్ని ఆనుకున్న గాలి దాదాపు నిండుగా తేమతో ఉంటుంది. బూజు పెరగడానికి గోడమీద చుక్కలే కారక్కర్లేదు, ఎనభై శాతం పైన తేమ కొన్నాళ్లు నిలిస్తే చాలు. అందుకే చాలా ఇళ్లలో బూజు పట్టేది ఏసీ గదిలో కాదు, ఏసీ గదికి అవతలివైపు గోడకు. ఆ గోడకే పుస్తకాల బీరువా ఆనించి పెడతాం. ఏసీని 25కో 26కో పెంచి, ఫ్యాన్ వేసుకుని, బీరువాను గోడనుంచి నాలుగంగుళాలు ముందుకు జరిపితే మిషన్ లేకుండానే ఆ బూజు ఆగిన ఇళ్లు మా బ్లాకులోనే ఉన్నాయి.

మీటరు కొనండి, దాన్నీ నమ్మకండి

ఇవన్నీ అయ్యాక కూడా చెమ్మ తగ్గకపోతే ముందు కొనాల్సింది హైగ్రోమీటర్. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ అంగళ్లలో అయినా ఆన్‌లైన్‌లో అయినా కొన్ని వందల్లో దొరుకుతుంది. చవకవి అయిదు శాతం అటూ ఇటూ అబద్ధం చెబుతాయి. పరీక్షకు వంటింటి ఉప్పే చాలు. సీసా మూతలో ఉప్పు పోసి, కరిగిపోకుండా ముద్దయ్యేంత నీరు చిలకరించి, దాన్నీ మీటర్నీ జిప్ కవర్లో పెట్టి గాలి పోకుండా మూసి రాత్రంతా ఉంచండి. తడి ఉప్పు మూసిన చోట గాలిని 75 శాతం దగ్గరే నిలబెడుతుంది. మీటరు 79 చూపిస్తే ఇకమీదట నాలుగు తీసేసి చదువుకోవాలి.

ఇంట్లో 60 శాతం దాటకపోతే మనుషులకు హాయి. పుస్తకాలకూ బట్టలకూ 50, 55 మధ్య మంచిది. 65 పైన రోజుల తరబడి ఉంటే బూజుకు పండగ. మరీ 40 లోపుకు దించకండి. వీణ, హార్మోనియం వంటి చెక్క వస్తువులు బీటలిస్తాయి. తేమ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, శ్వాసకోశ ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్ల తేమ మీద వెలువరించిన మార్గదర్శకాల్లో చెప్పింది. కాబట్టి ఇది చీరల గొడవ మాత్రమే కాదు.

ఎన్ని లీటర్లది?

అంగట్లో అబ్బాయి "ఇది ఇరవై లీటర్లది సార్" అంటాడు. అది ట్యాంకు సైజు కాదు, రోజంతా నడిస్తే పట్టగల నీరు. అదైనా ఏ గాలిలో కొలిచారన్నది అసలు ప్రశ్న. చాలా డబ్బాల మీద రాసేది 30 డిగ్రీలు, 80 శాతం తేమ దగ్గర వచ్చిన అంకె. మనం గదిని 55 శాతానికి తెచ్చాక గాలిలో అంత నీరుండదు. 27 డిగ్రీలు, 60 శాతం దగ్గర అదే మిషన్ దాదాపు సగమే పడుతుంది. మంచి కంపెనీ కాగితంలో రెండో అంకె కూడా ఉంటుంది. లేకపోతే సగానికి కోసి లెక్క వేసుకోండి.

ఇప్పుడు మా వరండా లెక్క. పద్నాలుగు, అయిదు, ఎత్తు పది అడుగులు, మొత్తం 700 ఘనపుటడుగులు, అంటే 20 ఘనమీటర్లు. 85 శాతం నుంచి 55కి దించాలంటే ఘనమీటరుకు దాదాపు 8 గ్రాములు తీయాలి. మొత్తం 160 గ్రాములు, ఒక టీ గ్లాసుడు నీళ్లు! ఇంతదానికి ఇరవై లీటర్ల మిషన్ ఎందుకనిపిస్తుంది. కానీ స్లైడింగ్ కిటికీ సందుల్లోంచి గంటకు ఒకసారి గదిగాలి మారిపోతుందనుకుంటే ఆ టీ గ్లాసు గంటగంటకూ నిండుతుంది. రోజుకు నాలుగు లీటర్ల దగ్గర. ఒక కిటికీ సగం తెరిచి ఉంచి గంటకు పదిసార్లు గాలి మారనిస్తే రోజుకు నలభై లీటర్ల దాకా. ఇళ్లకమ్మే ఏ మిషనూ దాన్ని గెలవలేదు.

అందుకే మిషన్‌కు ముందు కిటికీలకు ఖర్చు పెట్టండి. స్లైడింగ్ తలుపుల అంచున బ్రష్ స్ట్రిప్ అరిగిపోయి ఉంటుంది, దాన్ని మార్పించడం చవక. కింది ట్రాక్‌లో వాననీరు బయటికి పోయే చిన్న రంధ్రాలుంటాయి, సిలికాన్ పూసేటప్పుడు వాటిని మాత్రం మూయకండి. మూశారంటే ట్రాకే తొట్టి అవుతుంది. సందులు తగ్గిన మా వరండా లాంటిదానికి 30 డిగ్రీలు, 80 శాతం లెక్కన 10, 12 లీటర్ల మిషన్ సరిపోతుంది. అందులోనే బట్టలు ఆరేస్తే 20 లీటర్లది తీసుకోవాలి.

ఏ రకం?

మూడు రకాలున్నాయి. మొదటిది కంప్రెసర్ రకం. ఫ్రిజ్‌లాగే లోపల చల్లటి కాయిల్, ఫ్యాన్ లాగిన గాలి దానికి తగిలి నీరు రాలుస్తుంది, ఆ గాలి వేడి కాయిల్ మీదుగా పొడిగా బయటికొస్తుంది. వెచ్చటి, తడి గాలిలో ఇది బాగా పనిచేస్తుంది. మనకు కావలసింది ఇదే. రెండోది మా మేనల్లుడు చెప్పిన డెసికెంట్. తేమ పీల్చే చక్రాన్ని హీటరుతో ఆరబెడుతూ తిప్పుతారు. చలిదేశపు గదిలో కంప్రెసర్ కాయిల్‌కు మంచు పట్టి మొరాయిస్తుంది కాబట్టి అక్కడ దీనికి విలువ. ఇక్కడ వేడీ కరెంటూ దండగ. మూడోది అరచేతి మీద పెట్టుకునేంత పెల్టియర్ మిషన్. రోజంతా నడిచినా పావు లీటరు నుంచి అర లీటరు. బీరువాలోకి సరే, గదికి కాదు.

బీరువాలకు కాల్షియం క్లోరైడ్ డబ్బాలూ దొరుకుతాయి. పనిచేస్తాయి, కానీ కింద చేరే నీరు వట్టి ఉప్పునీరు, ఒలికితే ఇనప్పెట్టె తుప్పు పడుతుంది. నాఫ్తలిన్ ఉండలు పురుగును తరుముతాయి తప్ప తేమను పీల్చవు.

"ఇంట్లో ఏసీ ఉండగా ఇదెందుకు?" అని మా కోడలు అడిగింది. మంచి ప్రశ్న. నిండుగా నడిచే ఒక టన్ను ఏసీ గంటకు లీటరు దాకా నీరు తీస్తుంది, పైగా వేడిని బయటికి పంపుతుంది. వేసవిలో దానికి మించిన డీహ్యూమిడిఫయర్ లేదు. వానాకాలంలో గది అప్పటికే 26 డిగ్రీలుంటే ఏసీ కాసేపు నడిచి చల్లబడింది కదా అని ఆగిపోతుంది, నీరు గాలిలోనే మిగులుతుంది. డ్రై మోడ్ పెట్టినా గది ముందు చల్లబడుతుంది. ఆ మూడు నెలలకే వేరే మిషన్ గురించి ఆలోచించాలి.

నిజానికి ఈ విద్య పుట్టిందే కాగితం కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ప్రెస్సులో తేమకు కాగితం సాగి రంగులు ఒకదానిమీద ఒకటి కుదరకపోతే, విల్లిస్ క్యారియర్ అనే కుర్ర ఇంజనీరు చల్లటి కాయిల్స్ మీదుగా గాలిని పంపి తేమను అదుపు చేసే యంత్రం గీశాడు. ఆధునిక ఏసీకి అదే మొదలు. మా నాన్న నెల్లూరు జిల్లా నుంచి వచ్చి చేరిన బిన్నీ మిల్లులో, 1996లో మూతపడ్డ బకింగ్‌హామ్ కర్నాటిక్ మిల్లులో, పని దీనికి ఎదురు. పొడిగాలిలో నూలు తెగిపోతుంది కాబట్టి షెడ్డులోకి తేమ పంపేవాళ్లు. ఆయన బతుకంతా తేమలో దారం చూశాడు, నేను గాలిలోంచి తేమ తీస్తూ జీతం తీసుకున్నాను. ఆయన దాచిన చందమామలకు మాత్రం నా వైపు విద్యే కావాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి

తేమ శాతం పెట్టుకునే సౌకర్యం ఉండాలి. 55కి పెడితే అక్కడికి రాగానే ఆగాలి. అది లేని మిషన్ రాత్రంతా ఊరికే నడుస్తుంది. కరెంటు పోయి వచ్చాక పాత సెట్టింగుతో తనంతట తానే మొదలయ్యేది చూడండి, మన ఊళ్లో వానకూ కరెంటుకూ ఉన్న స్నేహం తెలిసిందే. ట్యాంకులు రెండు నుంచి అయిదు లీటర్లే, నిండితే మిషన్ ఆగిపోతుంది. వెనక పైపు తగిలించే దారి ఉంటే వాషింగ్‌మెషిన్ డ్రెయిన్‌లోకి పంపొచ్చు. పైపు అడుగడుగునా కిందికి వాలి ఉండాలి. ఏసీ పెట్టెల్లో ప్రయాణికుల నెత్తిన నీళ్లు కారడానికి మొదటి కారణం మూసుకుపోయిన డ్రెయినే, ఇంట్లోనూ అంతే.

కొత్త మిషన్లలో కొన్నిటిలో ఆర్290 గ్యాస్ ఉంటుంది, అంటే ప్రొపేన్. కొద్దిగానే ఉన్నా మండే గ్యాస్ కాబట్టి దీపారాధన, కర్పూరం ఉన్న మూలన పెట్టకండి. ఇంటికి పడుకోబెట్టి తెచ్చి ఉంటే నిలబెట్టి కొన్ని గంటలాగి స్విచ్ వేయండి. గోడకు అడుగు దూరం, రెండు వారాలకోసారి ఫిల్టర్ కడగడం తప్పనిసరి. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, మొక్కలకు సరే. తాగడానికి పనికిరావు. ఇన్వర్టర్ బ్యాటరీలో కూడా పోయకండి, కాయిల్ మీది దుమ్మూ లోహమూ అందులో ఉంటాయి.

కరెంటు లెక్క కూడా ముందే వేసుకోవాలి. 300 వాట్ల మిషన్ రోజుకు ఎనిమిది గంటలు నడిస్తే 2.4 యూనిట్లు. తమిళనాడులో బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, అంటే బిల్లుకు 144 యూనిట్లు. ఉచిత యూనిట్లున్నాయి కదా అని మురవకండి, వాటిని ఫ్రిజ్, ఫ్యాన్లు ఎప్పుడో తినేసి ఉంటాయి. వేడి సంగతి ఇంకో మాట. గంటకు అర లీటరు నీరు ఆవిరి నుంచి నీరుగా మారేటప్పుడు తన వేడిని గదిలోనే వదులుతుంది. మిషన్ తినే 300 వాట్లు దానికి తోడు. కలిపి 600 వాట్ల హీటరు వెలిగించినట్టే. కాబట్టి మనుషులు లేనప్పుడు నడపండి. తలుపులు మూసి, బీరువా తలుపులు మాత్రం తెరిచి.

అద్దె ఇంట్లో గోడ ఊరుతుంటే మిషన్ కొనకండి, ఇంటి ఓనరుతో మాట్లాడండి. వరండా కిటికీలు మూసి ఉండలేమనేవాళ్లూ కొనకండి. 2015 డిసెంబరు వరదలోనో, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వానకో నీళ్లు నిలిచిన కింది అంతస్తు ఇళ్లవాళ్లకు మాత్రం గోడలు ఆరబెట్టుకోవడానికి ఇది నిజంగా అక్కరకొస్తుంది. సొంతానికి కొనకుండా నలుగురు కలిసి ఒకటి తీసుకుని వంతులేసుకోవడం నయం.

కొన్నాక మొదటి వారం ట్యాంకులో ఎంత నీరు పడిందో రోజూ రాసిపెట్టండి. మొదట ఎక్కువే పడుతుంది. గోడలు, చెక్క, పుస్తకాలు తాగిన నీరంతా మెల్లగా బయటికి రావాలి. తర్వాత రోజురోజుకూ తగ్గాలి. వారం దాటినా, బయట వాన వెలిసినా తగ్గలేదంటే మిషన్‌ను అనుమానించకండి. అది తన పని తాను చేస్తోంది. కంపెనీకి ఫోన్ చేసే బదులు మేస్త్రిని పిలవండి.